‘ఇంకా తెలుస్తోందండీ’: మొదటి కాన్పు భయంతో వచ్చిన ఒక తల్లి కేసు

నేను మత్తు డాక్టర్ని. కోస్తాలో ఒక జిల్లా పట్టణంలో, కాన్పులు ఎక్కువగా జరిగే ప్రైవేటు ఆస్పత్రిలో పనిచేస్తాను. నొప్పులు తెలియకుండా ఎపిడ్యూరల్, అంటే వెన్నులో వేసిన సన్నటి గొట్టం ద్వారా మందు ఇవ్వడం మాకు రోజువారీ పని. ఈ కేసులో ఎపిడ్యూరల్ మొదటిసారి సరిగా పట్టలేదు. చివరికి కాన్పు కూడా అనుకున్నట్టు జరగలేదు. అయినా ఆ తల్లి మనసు చెదరకుండా బయటపడింది. అదెలాగో వివరంగా చెప్పుకుంటే లేబర్ రూంలో పనిచేసేవాళ్లకు ఉపయోగపడుతుందని రాస్తున్నాను. ఆమె అనుమతి ఉంది. ఊరు, వృత్తి, కుటుంబ వివరాలు కొన్ని మార్చాను. ఇక్కడ ఆమెను పద్మ అంటాను, అసలు పేరు కాదు.

డిశ్చార్జి కాగితంలో లేనిది

పద్మకు ఇరవై ఏడేళ్లు. ఉమ్మడి కుటుంబం. అత్తమామలు, బావగారు, తోడికోడలు, వాళ్ల పిల్లలు అందరూ ఒకే ఇంట్లో. మొదటి బాబు మూడేళ్ల క్రితం వేరే ఊళ్లో పుట్టాడు. అప్పటి కాగితం తెచ్చింది. నెలలు నిండి నార్మల్ డెలివరీ, ఎపిసియోటమీ (బిడ్డ వచ్చే దారి దగ్గర పెట్టే కోత), తల్లీబిడ్డా క్షేమం. అంతే రాసి ఉంది.

మిగతాది ఆమె చెప్పింది. నొప్పులు రావడానికి డ్రిప్ పెట్టాక పద్నాలుగు గంటలు పట్టింది. నొప్పి తగ్గడానికి ఏదో ఒకటి ఇస్తామని చేరేటప్పుడు చెప్పారట. అడిగిన ప్రతిసారీ ‘ఇంకాసేపాగమ్మా’ అన్నారు. చివరికి ‘ఇప్పుడిక ఇవ్వకూడదు, బిడ్డ వచ్చేస్తోంది’ అన్నారు. అదంతా పంటి బిగువున భరించానంది. ఆమెను వదలనిది ఆ తర్వాతి అరగంట. బిడ్డ పుట్టాక కుట్లు వేస్తుంటే మొద్దుబారే మందు సరిగా పట్టలేదు. ‘ఇంకా తెలుస్తోందండీ’ అని అంటూనే ఉంది. ‘బిడ్డనే కన్నావు, ఇదెంత’ అన్నారు. కాళ్లు కదలకుండా ఒక ఆయమ్మ పట్టుకుంది.

“కాసేపటికి నేను అరవడం మానేశానండీ. అప్పుడు సిస్టర్ ‘చూశావా, ఇప్పుడు నొప్పి లేదు’ అంది.”

మత్తు డాక్టరుగా నాకు ఈ ఒక్క వాక్యం చాలు. మనిషి గొంతు ఆగిపోవడాన్ని నొప్పి ఆగిపోవడంగా లెక్కవేశారు. లేబర్ రూంలో ఇది చాలా మామూలుగా జరిగే పొరపాటు, ఏ కాగితంలోనూ నమోదు కానిది.

ఇంటికి వచ్చాక మూడో రోజు నుంచి ఏడుపు. బాలింతలకు మొదటి రెండు వారాల్లో కన్నీళ్లు, చిరాకు చాలామందికి వచ్చి పోయేవే. ఈమెకు పోలేదు. బాబు నిద్రపోతున్నా తను నిద్రపోయేది కాదు. పాలిస్తుంది, స్నానం చేయిస్తుంది, కానీ ముఖంలో ఏమీ ఉండదు. దిష్టి తీశారు, తాయెత్తు కట్టించారు. ఫ్యామిలీ డాక్టరు ఐరన్, బి కాంప్లెక్స్ రాశారు. మూడో నెలలో ఎవరో చెబితే సైకియాట్రిస్టు దగ్గరికి తీసుకెళ్లారు. బాలింత డిప్రెషన్ అని సెర్ట్రలిన్ అనే డిప్రెషన్ మందు మొదలుపెట్టారు. ఏడుపు తగ్గింది, తిండి మెరుగైంది. నాలుగు నెలలయ్యాక ‘పాలిచ్చే తల్లికి ఇన్నాళ్లు మందులేమిటి’ అని ఇంట్లోవాళ్లే మానిపించారు. పీడకలలు మాత్రం మందు వాడినప్పుడూ ఉన్నాయి, మానేశాకా ఉన్నాయి. వాటి గురించి ఎవరూ అడగలేదు, ఆమె చెప్పలేదు.

ఒకే ఒక్క కోరిక

రెండో గర్భం 26వ వారంలో మా గైనకాలజిస్టు దగ్గరికి వచ్చింది. బీపీ, షుగర్ లేవు. థైరాయిడ్ బాగానే ఉంది. హిమోగ్లోబిన్ 9.8, దానికి చికిత్స మొదలైంది. ఆమె అడిగింది ఒక్కటే. 37 వారాలు రాగానే ఆపరేషన్ చేసేయాలి, అదీ పూర్తి మత్తు ఇచ్చి, ఏమీ తెలియకుండా. భర్త మాట్లాడలేదు. ‘మొదటిది నార్మల్ అయితే రెండోది మంచినీళ్ల ప్రాయం, దీనికి ఆపరేషన్ ఎందుకు’ అని అత్తగారు.

ఒప్పేసుకోవడం చాలా సులువు. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే లెక్కల్లో ఆంధ్రప్రదేశ్‌లో 42.4 శాతం, తెలంగాణలో 60.7 శాతం కాన్పులు సిజేరియన్లే. అడగనివాళ్లకే ఇన్ని జరుగుతున్న చోట అడిగినామెకు చేస్తే ఎవరూ వేలెత్తి చూపరు. అయితే పూర్తి మత్తే కావాలని పట్టుబట్టడం గైనకాలజిస్టుకు ఎక్కడో తేడాగా అనిపించి నా దగ్గరికి పంపింది.

ఆపరేషన్ ఎందుకు కావాలని నేను అడగలేదు. అలా అడిగితే మనిషి వాదనకు దిగుతుంది, లేదా మాట్లాడడం మానేస్తుంది. ‘ఆపరేషన్ టేబుల్ మీద పడుకున్నారనుకోండి, అప్పుడు మీకు దేనికి ఎక్కువ భయం?’ అని అడిగాను. చాలాసేపు ఆలోచించింది.

“మొద్దుబారకముందే మొదలుపెట్టేస్తారేమోనని.”

కేసు మలుపు తిరిగింది ఇక్కడే. నొప్పుల నుంచి తప్పించుకోవడానికి ఆపరేషన్ అడుగుతోందని మేమందరం అనుకున్నాం, ఆమె కూడా అలాగే అనుకుంటోంది. అసలు భయం నొప్పులది కాదు. తెలుస్తోందని చెప్పినా వినకుండా పని కానిచ్చేస్తారన్న భయం. మామూలుగా సిజేరియన్ చేసేది వెన్నులో ఇచ్చే స్పైనల్ మత్తుతో. మనిషి మెలకువగా ఉంటుంది, నడుం కింద ఎవరో ఏదో చేస్తుంటారు, మధ్యలో అడ్డంగా గుడ్డ. అంటే ఆపరేషన్‌కు సరేనంటే ఆమెను దేని నుంచి తప్పించాలనుకున్నామో సరిగ్గా అందులోకే తోసినట్టు.

మరి పూర్తి మత్తు? ఇవ్వకూడదని కాదు. నెలలు నిండిన తల్లికి మత్తులో కడుపులోది పైకి తన్ని ఊపిరితిత్తుల్లోకి పోయే ప్రమాదం ఎక్కువ. గొంతు వాచి ఉండడం వల్ల గొట్టం వేయడం కష్టం కావచ్చు. మందు కొంత బిడ్డకూ చేరుతుంది. పుట్టిన బిడ్డను తల్లి వెంటనే చూడలేదు. అందుకే దాన్ని ఆఖరి దారిగా ఉంచుతాం.

కాదంటే మొదటి ఆస్పత్రిలో జరిగిందే మళ్లీ జరిగినట్టు, అడిగినా వినలేదన్నమాట. వెంటనే సరేనంటే భయం టేబుల్ దాకా వెంట వస్తుంది. ‘ఆపరేషన్ కావాలంటే చేస్తాం. బిడ్డ ఊపిరికి మంచిది కాబట్టి 39 వారాలు నిండాక. ఆ మాట ఫైల్లో రాస్తున్నాను. ఈలోపు ఈ భయం సంగతి చూద్దాం. చూశాక కూడా ఆపరేషనే కావాలంటే మళ్లీ ఎవరూ మిమ్మల్ని ప్రశ్నించరు’ అన్నాను. బ్రిటన్‌లో నైస్ సంస్థ మార్గదర్శకాలు చెప్పేదీ ఇంచుమించు ఇదే. కాన్పు భయంతో సిజేరియన్ అడిగినవాళ్లకు ముందు మానసిక సహాయం చూపించాలి, ఆ తర్వాత కూడా అదే కోరితే చేయాలి.

“రాశారా?” అంది పద్మ. ఫైలు తిప్పి చూపించాను. వేలు పెట్టి ఆ రెండు లైన్లూ చదువుకుంది.

గిన్నెల చప్పుడు

సైకియాట్రిస్టు వారానికోసారి మా పట్టణానికి వస్తారు. ఆయనకు చూపించే రోజు పద్మతో పాటు తోడికోడలు వచ్చింది. డిప్రెషన్ మళ్లీ మొదలైందా, ఇది కాన్పంటే ఉన్న భయమేనా, లేక మొదటి కాన్పు మనసుకు చేసిన గాయమా అని తేల్చుకోవాలి. మందులు కొన్ని ఒకటే అయినా చికిత్స దారులు వేరు. పద్మ అన్నిటికీ ‘బాగానే ఉందండి’ అంటోంది. గుట్టు విప్పింది తోడికోడలే.

“గిన్నె కింద పడితే చాలండి, గోడకు ఆనుకుని నిలబడిపోతుంది. పిలిచినా పలకదు. మా అత్తయ్య బద్ధకం అనుకుంటుంది, వంటింట్లోకి రాదని. నేనే తోమే గిన్నెలు పెరట్లోకి పట్టుకుపోతున్నా.”

లేబర్ రూంలో స్టీలు ట్రే. కత్తెర, ఫోర్సెప్స్ తీసి అందులో పడేసిన చప్పుడు. మూడేళ్లుగా ఆ ఇంట్లో రోజుకు పదిసార్లు ఆ చప్పుడు వినిపిస్తోంది. మూడేళ్లుగా ఈమెకు బద్ధకస్తురాలని పేరు.

బాలింత డిప్రెషన్‌ను పసిగట్టడానికి అందరం వాడే ఎడిన్‌బరో ప్రశ్నావళిలో పది ప్రశ్నలుంటాయి. గత ఏడు రోజుల్లో నవ్వగలిగారా, అనవసరంగా మిమ్మల్ని మీరు నిందించుకున్నారా, నిద్ర పట్టలేదా, మీకు మీరు హాని చేసుకోవాలనిపించిందా, ఇలా సాగుతుంది. మంచి సాధనమే. 1987 నుంచి వాడుకలో ఉంది, అయిదు నిమిషాల్లో అయిపోతుంది. కానీ కాన్పు గురించిన పీడకలలు, ఉన్నట్టుండి మళ్లీ ఆ గదిలోనే ఉన్నట్టు అనిపించడం, ఆస్పత్రి వీధిని తప్పించి చుట్టూ తిరిగి వెళ్లడం లాంటివి అందులో ఉండవు. పద్మకు అందులో 30కి 12 వచ్చింది, అటూ ఇటూ కానిది. మానసిక గాయం లక్షణాలు కొలిచే పీసీఎల్-5 ప్రశ్నావళిలో మాత్రం 80కి 45. సాధారణంగా 31–33 దాటితే లోతుగా చూడాలంటారు. కూర్చోబెట్టి విడిగా మాట్లాడాక సైకియాట్రిస్టు పీటీఎస్‌డీ (మనసుకు తగిలిన గాయం వల్ల వచ్చే జబ్బు) అని తేల్చారు.

మన దేశంలో బాలింత డిప్రెషన్ మీద వచ్చిన అధ్యయనాలన్నీ కలిపి చూసినప్పుడు సుమారు 22 శాతం తల్లుల్లో కనిపించింది. కాన్పు తర్వాతి పీటీఎస్‌డీ అంత ఎక్కువ కాదు, నూటికి ముగ్గురు నలుగురిలో అంటారు, కష్టమైన కాన్పుల్లో ఇంకా ఎక్కువ. రెండూ కలిసి ఉన్నప్పుడు డిప్రెషనే పైకి కనబడుతుంది. దానికి మందిస్తే కొంత తేరుకుంటారు కాబట్టి అడుగున ఉన్నదాన్ని ఎవరూ వెతకరు. పద్మ విషయంలో జరిగింది ఇదే.

పనికిరాని ప్రయత్నాలు

సెర్ట్రలిన్ పనికిరాలేదనడం తప్పు. వాడినన్నాళ్లూ కొంత పనిచేసింది, తొందరగా మానేశారు. అసలు బెడిసికొట్టింది వేరు. రెండేళ్ల క్రితం ఎవరో కౌన్సెలర్ దగ్గర ఒకే సిట్టింగ్‌లో మొత్తం చెప్పించారట, మొదటి నొప్పి నుంచి ఆఖరి కుట్టు దాకా. ‘మనసులోది కక్కేస్తే తేలికవుతుంది’ అని. ఆ వారమంతా ఆమెకు నిద్ర లేదు. కాన్పు గాయం ఉన్నవాళ్లను ఇలా ఒక్కసారి కూర్చోబెట్టి అంతా మళ్లీ అనుభవింపజేసే పద్ధతి వద్దని నైస్ స్పష్టంగా చెబుతోంది. గాయాన్ని తెరిచి, కట్టు కట్టకుండా పంపేసినట్టవుతుంది. అప్పటి నుంచి ఆమెకు కౌన్సెలింగ్ అన్న మాటంటేనే హడల్.

మా ఆస్పత్రిలో గర్భిణులందరికీ చూపించే కాన్పు వీడియో ఒకటుంది. చాలామందికి అది టెన్షన్ తగ్గిస్తుంది. పద్మ లేబర్ టేబుల్ కనబడగానే లేచి బయటికి వెళ్లిపోయింది. మళ్లీ చూపించాలని అనుకోలేదు. భయం తెలియకపోవడం వల్ల అయితే తెలియజెప్పడం మందు. ఈమెకు అన్నీ తెలుసు, బాగా తెలుసు.

అన్నిటికన్నా తేలిపోయింది మా అందరి నోటా వచ్చిన ఒక మాట. ‘ఈసారి అలా జరగదులే’. అమ్మ చెప్పింది, భర్త చెప్పాడు, మా సిస్టర్లూ చెప్పారు. పోయినసారీ మందిస్తామని మాటిచ్చారు కదా! మాట తప్పిన చోట మళ్లీ మాటిస్తే దానికి విలువేముంటుంది? తను స్వయంగా సరిచూసుకోగలిగినది ఏదైనా చేతిలో పెట్టాలి. మిగతా పనంతా ఈ ఆలోచన చుట్టూ నడిచింది.

ఒక పేజీ

సైకియాట్రిస్టు సెర్ట్రలిన్ మళ్లీ మొదలుపెట్టారు, 25 నుంచి 50 మిల్లీగ్రాములకు. గర్భంలో మందు ఎందుకన్న ప్రశ్న ఇంట్లో వచ్చింది. నిద్రలేని, భయంతో వణుకుతున్న తల్లి వల్ల కూడా బిడ్డకు నష్టముందని, ఈ మందు తల్లిపాలలోకి చాలా కొద్దిగానే చేరుతుందని, పుట్టాక ఒకటి రెండు రోజులు బిడ్డను కాస్త గమనిస్తే సరిపోతుందని ఆయనే భర్తకు ఓపిగ్గా చెప్పారు. నగరంలో ఉన్న ఒక సైకాలజిస్టు వారానికోసారి వీడియో కాల్‌లో గాయం మీద పనిచేసే కాగ్నిటివ్ బిహేవియరల్ థెరపీ (ఆలోచనలను, ప్రవర్తనను మార్చే మాటల చికిత్స) చేశారు. ముందు కొన్ని వారాలు కాన్పు ఊసే ఎత్తలేదు. ఊపిరి, నేల మీద పాదాలు, ఇప్పుడు ఎక్కడున్నాను అని గుర్తు చేసుకోవడం. తర్వాత జ్ఞాపకాన్ని ముక్కలు ముక్కలుగా.

ఇంట్లో చేయమన్న అభ్యాసం నాకు బాగా నచ్చింది. పద్మ తన చేత్తోనే ఒక స్టీలు చెంచా నేల మీద వేయాలి. అది అలవాటయ్యాక గరిటె, తర్వాత పళ్లెం, చివరికి గిన్నె. చప్పుడు ఎప్పుడు రావాలో తనే నిర్ణయించుకుంటుంది. తోడికోడలు పక్కనుండేది. పాపం ఆ అత్తగారికి గిన్నెలు సొట్టలు పోతున్నాయని దిగులు.

నా వంతు కాన్పు ప్లాను. పద్మ, నేను, గైనకాలజిస్టు, లేబర్ రూం ఇన్‌చార్జ్ సిస్టర్ కూర్చుని తెలుగులో ఒకే పేజీ రాశాం. ఫైలు మొదట్లో పెట్టాం, ఏ డ్యూటీలో ఎవరున్నా ముందు అదే కనబడాలని. నొప్పులు మొదలయ్యాయని తేలగానే, ఆమె అడిగిన వెంటనే ఎపిడ్యూరల్. నాలుగు సెంటీమీటర్లు తెరుచుకునేదాకా ఆగాలన్న పాత నియమం పెట్టలేదు, దానికి ఆధారం లేదు. లోపలి పరీక్ష చేసే ప్రతిసారీ ముందు చెప్పి అడగాలి, ఆమె చెయ్యి ఎత్తితే ఆపాలి. ఎక్కడ కోత పెట్టాలన్నా, కుట్టు వేయాలన్నా ముందు స్పిరిట్ దూదితో చల్లదనం పరీక్ష. దాన్ని ఆమెకు ఆ రోజే నేర్పాం. భుజం మీద రాస్తే చల్లగా ఉంటుంది, మొద్దుబారిన చోట రాస్తే తడి తప్ప చలి తెలియదు. ‘తెలియట్లేదు’ అని ఆమె నోటితో అన్నాకే కత్తెర కదలాలి. స్టీలు ట్రేల్లో ఆకుపచ్చ గుడ్డ పరిచి పెడతామని ఇన్‌చార్జ్ సిస్టర్ తనంతట తనే అంది. పైసా ఖర్చు లేనిది, నాకు తట్టనిది.

తోడుగా ఎవరని అడిగితే అమ్మ పేరు చెబుతుందనుకున్నాం. ‘మా అక్క’ అంది తోడికోడలిని చూపిస్తూ. లేబర్ రూంలో తోడుండడం మంచిదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది, లేబర్ రూంల నాణ్యత పెంచడానికి మన ప్రభుత్వం పెట్టిన ‘లక్ష్య’ కార్యక్రమంలోనూ ఉంది. ఆ తోడు ఎవరో తల్లే తేల్చుకోవాలి.

ఇక ఆఖరి పంక్తి. ఎప్పుడు ఆపరేషన్ కావాలన్నా అడగవచ్చు. మత్తు సరిపోకపోతే పూర్తి మత్తు ఇస్తారు. పద్మ ఆ పేజీకి ఫోన్‌లో ఫొటో తీసుకుంది.

వెన్నులో సూది వేస్తే జన్మంతా నడుం నొప్పేనని అత్తగారు అన్నారు. ఈ మాట వినని మత్తు డాక్టరు తెలుగునాట ఉండరు. ఎపిడ్యూరల్ తీసుకున్నవాళ్లకూ తీసుకోనివాళ్లకూ దీర్ఘకాలంలో నడుం నొప్పి ఒకేలా ఉంటుందని, సూది వేసిన చోట కొద్దిరోజుల సలుపు మాత్రం నిజమేనని చెప్పాను. నూటికి ఒకరికి సూది లోపలి పొరకు తగిలి తీవ్రమైన తలనొప్పి రావచ్చనీ దాచలేదు. ‘దేవుడిచ్చిన నొప్పి’ అని ఆవిడ మరో మాట అన్నారు. 1853లో విక్టోరియా రాణి క్లోరోఫాం పీల్చి కాన్పు చేయించుకునేదాకా ఇంగ్లండులోనూ ఇదే వాదన నడిచింది. అది ఆవిడకు చెప్పలేదనుకోండి.

వారాలు గడిచేకొద్దీ పద్మ ఆపరేషన్ ప్రస్తావన తగ్గించింది. 36వ వారంలో తనే అంది, ‘నొప్పులు రానివ్వండి, చూద్దాం. కానీ ఆ లైను మాత్రం కొట్టెయ్యకండి’ అని. కొట్టెయ్యలేదు.

కాన్పు రాత్రి

39వ వారంలో రాత్రి ఉమ్మనీరు పోయింది. వచ్చేసరికి మూడు సెంటీమీటర్లు, నొప్పులు బాగానే ఉన్నాయి. చిన్న పట్టణాల్లో ఒక్క మత్తు డాక్టరు నాలుగు ఆస్పత్రులు తిరుగుతుంటాడు. ఎపిడ్యూరల్ దొరకకపోవడానికి అసలు కారణం చాలాచోట్ల అదే. అందుకే ఆ వారానికి నాతో పాటు ఇంకో సహచరుడి పేరు కూడా రాసిపెట్టుకున్నాం. ఆ రాత్రి నేనే ఉన్నాను.

కూర్చోబెట్టి వెన్నులో సన్నటి గొట్టం వేశాను. ముందు గొట్టం సరైన చోటే ఉందో లేదో చూసే టెస్ట్ డోసు, తర్వాత మొద్దుబార్చే మందు బుపివకైన్ 0.1 శాతం, దానితో నొప్పి మందు ఫెంటనిల్ మిల్లీలీటరుకు 2 మైక్రోగ్రాములు. ఇంత పల్చటి మోతాదులో కాళ్లు కదులుతాయి. సిజేరియన్లు పెరగవని కూడా పరిశోధనలు చెబుతున్నాయి. ఇరవై నిమిషాలకు కుడివైపు హాయిగా ఉంది. ఎడమ గజ్జల్లో నొప్పి అలాగే ఉంది.

“ఎడం పక్క ఇంకా తెలుస్తోందండీ.”

అవే మాటలు. తోడికోడలు నా వైపు చూసింది. ఒకవైపు పట్టకపోవడం వైద్యపరంగా పెద్ద విషయం కాదు, గొట్టం కొస ఒక పక్కకు పోతే జరుగుతుంది. కానీ ఈ మనిషి విషయంలో ఆ క్షణాన నేనేం చేస్తానన్నదే ముఖ్యం. ‘అవును, ఎడమవైపు పట్టలేదు’ అని ముందు ఒప్పుకున్నాను. గొట్టం ఒక సెంటీమీటరు వెనక్కి లాగి, ఎడమవైపు తిప్పి పడుకోబెట్టి మరో డోసు ఇస్తానని, గోడ గడియారం చూపించి పావుగంటలో తగ్గకపోతే తీసేసి కొత్తది వేస్తానని చెప్పాను. పావుగంటకు సగమే తగ్గింది. ఇంకో డోసు ఇచ్చి నెట్టుకురావచ్చు, అర్ధరాత్రి చాలామందిమి చేసే పనే. రెండు కారణాల వల్ల వద్దనుకున్నాను. మొదటిది, గడియారం చూపించి చెప్పిన మాట. రెండోది, తర్వాత ఆపరేషన్ అవసరమైతే సగం పట్టిన గొట్టం అస్సలు పనికిరాదు. తీసేసి పై సందులో కొత్తది వేశాను. ఈసారి రెండువైపులా పట్టింది. స్పిరిట్ దూది తీసుకుని తనే పొట్ట మీద రాసుకుని చూసింది. తర్వాత నాలుగు గంటలు నిద్రపోయింది.

ఎనిమిది సెంటీమీటర్ల దగ్గర ఆగిపోయింది. బిడ్డ ముఖం పైకి తిరిగి ఉంది. భంగిమలు మార్చి చూశాం, డ్రిప్ పెంచాం. తెల్లవారుజామున బిడ్డ గుండె వేగం పడిపోవడం మొదలైంది, పడ్డాక నెమ్మదిగా కోలుకుంటోంది. గైనకాలజిస్టు సిజేరియన్ అంది. కారణం పద్మకే నేరుగా చెప్పింది, మానిటర్ కాగితం చూపించి. పద్మ అడిగింది ఒక్కటే, ‘మత్తు చూశాకే కదా?’

వ్యవధి ఉంది కాబట్టి అదే గొట్టంలో అడ్రినలిన్ కలిపిన 2 శాతం లిగ్నోకైన్ (ఇంకా గట్టిగా మొద్దుబార్చే మందు) విడతలుగా ఇచ్చాను. రొమ్ముల ఎత్తు దాకా చల్లదనం తెలియడం లేదు, దానికి కాస్త కిందిదాకా తాకిడి కూడా తెలియడం లేదు. లాగినట్టు, నొక్కినట్టు తెలుస్తుందని, కోసినట్టు తెలియకూడదని ముందే చెప్పాను. ఈ తేడా చెప్పకపోతే లాగడాన్ని కూడా కోతగానే అనుకుంటారు. ఫోర్సెప్స్‌తో చర్మం గిల్లి చూసి గైనకాలజిస్టు ఆగింది. గదిలో అందరూ ఆగారు. ‘తెలియట్లేదు’ అంది పద్మ. అప్పుడు మొదలైంది. ఆడపిల్ల. తుడిచి తల్లి గుండెల మీద పెట్టాం, కుట్లు పూర్తయ్యేదాకా అక్కడే ఉంది.

తర్వాత

ఆపరేషన్ తర్వాత నొప్పి మందులు అడిగినప్పుడు ఇచ్చే పద్ధతి పెట్టుకోలేదు. పారాసెటమాల్, ఇబుప్రొఫెన్ గంటల ప్రకారం వేశాం. 2008లో అమెరికాలో సుమారు 1,300 మంది తల్లుల మీద చేసిన అధ్యయనంలో కాన్పు తర్వాత తొలిరోజుల్లో తీవ్రమైన నొప్పి ఉన్నవాళ్లకు, రెండు నెలల తర్వాత డిప్రెషన్ మూడు రెట్లు ఎక్కువగా కనిపించింది. కాన్పు నార్మలా ఆపరేషనా అన్నదానికి అందులో పాత్ర లేదు.

చూడ్డానికి వచ్చిన చుట్టాలందరిదీ ఒకటే మాట, ‘అయ్యో, నొప్పులూ పడి ఆపరేషనూ అయిందా’ అని. మొదటి కాన్పుకు ఇదే చుట్టాలు నార్మల్ అయిందని స్వీట్లు పంచారు. నాలుగో రోజు పద్మ ఏడ్చింది. సైకియాట్రిస్టుకు ఫోన్ చేసి చెప్పాను. మందు మార్చకుండా రెండు వారాలు చూద్దామన్నారు. పదో రోజుకు సర్దుకుంది. రాత్రి ఒక విడత పిండి ఉంచిన పాలు భర్త పట్టించేలా ఏర్పాటు చేశాం, ఆమెకు వరుసగా నాలుగైదు గంటల నిద్ర దక్కాలని. బాలింతకు నిద్ర మందుతో సమానం. మన ఇళ్లలో పథ్యం మీదున్న శ్రద్ధ దీని మీద ఉండదు.

ఆరు వారాలకు ఎడిన్‌బరో 6, పీసీఎల్ 19. పీడకలలు ఎప్పుడో ఒకటి. వంటింట్లోకి వెళ్తోంది, గిన్నె పడితే ఉలిక్కిపడుతుంది, కానీ నిలబడిపోదు. పాత ఆస్పత్రి ఉన్న వీధిలోకి ఇప్పటికీ వెళ్లదు. మొదటి బాబుతో తొలి ఏడాది పోగొట్టుకున్నానన్న బాధ మిగిలే ఉంది, అది సైకాలజిస్టు దగ్గర ఇంకా నడుస్తోంది. సెర్ట్రలిన్ ఇంకొన్ని నెలలు కొనసాగించాలని నిర్ణయం. ఈసారి ఇంట్లో ఎవరూ మానిపించలేదు.

ఈ కేసు నుంచి తీసుకున్నవి

‘ఎపిడ్యూరల్ ఇస్తే డిప్రెషన్ రాదు’ అని తోటి డాక్టర్లు కొందరు చెబుతుంటారు. 2014లో చైనాలో వచ్చిన ఒక అధ్యయనం దానికి మూలం. ఎపిడ్యూరల్ తీసుకున్నవాళ్లలో ఆరు వారాలకు 14 శాతం, తీసుకోనివాళ్లలో 34.6 శాతం. అయితే వాళ్లంతా తమంతట తాము ఎంచుకున్నవాళ్లు, చీటీలు వేసి విడదీసినవాళ్లు కాదు. ఎపిడ్యూరల్ అడిగి తీసుకోగలిగిన తల్లికి ఇంట్లో మాట చెల్లుబాటు, డబ్బు, తోడు కూడా ఎక్కువే ఉండవచ్చు. తర్వాత వచ్చిన అధ్యయనాలు తలో మాటా చెప్పాయి. నేను ఎపిడ్యూరల్ ఇచ్చేది నొప్పి తగ్గించడానికే. దాన్ని మానసిక జబ్బుకు టీకాలా అమ్మడం నాకిష్టం లేదు. పద్మకు మొదటి గొట్టం సరిగా పట్టకపోయినా నష్టం జరగలేదంటే, పట్టలేదని చెప్పిన మాట చెల్లింది కాబట్టి.

మా మత్తు పరీక్ష ఫారంలో ఇప్పుడు రెండు ప్రశ్నలు చేర్చాం. ‘ఇంతకుముందు కాన్పులో గానీ ఆపరేషన్‌లో గానీ మత్తు సరిపోక నొప్పి తెలిసిందా?’, ‘దాని గురించి ఇప్పటికీ కలలు, భయం ఉన్నాయా?’ అవునన్నవాళ్లకు ప్లాను పేజీ, సైకియాట్రిస్టు అపాయింట్‌మెంటు. సైకియాట్రిస్టు దూరమైన ఊళ్లవాళ్లకు ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీమానస్ నంబరు 14416 రాసిస్తున్నాం, తెలుగులో మాట్లాడతారు, డబ్బు కట్టక్కర్లేదు. నార్మల్ కాన్పు అయినవాళ్లనూ ఈ ప్రశ్నలు అడుగుతున్నాం. కుట్ల దగ్గర మొద్దుబారని కేసులు ఇన్ని ఉన్నాయని అడిగేదాకా మాకు తెలియదు. దాంతో కుట్లకు ముందు స్పిరిట్ దూది పరీక్ష అందరికీ తప్పనిసరి చేశాం. ఒక నిమిషం పని.

‘ఇంత టైం ఎక్కడుంది’ అని ఒక సహచరుడు అడిగాడు. పేజీ రాయడానికి అరగంట పట్టింది, గొట్టం మార్చడానికి ఇంకో అరగంట. టైం కన్నా పెద్ద చిక్కు రాత్రిపూట మనుషులు. మా ఇద్దరు మత్తు డాక్టర్లూ ఒకేసారి ఊళ్లో లేని రాత్రుల్లో ఎపిడ్యూరల్ ఇస్తామని ఏ పేజీలోనూ రాయలేం. అలాంటి వారాల్లో ప్రసవ తేదీ ఉన్నవాళ్లకు ఆ సంగతి ముందే చెప్పి, నొప్పి తగ్గడానికి పీల్చే ఎంటోనాక్స్ గ్యాసు, నొప్పి ఇంజెక్షన్లు, వాటి పరిమితులు వివరించి, ఎపిడ్యూరలే కావాలంటే ఏ ఆస్పత్రికి వెళ్లాలో కూడా చెప్పి పంపుతున్నాం.